గుర్రం మీద మగ్గం

బిష్కెక్, కిర్గిజ్‌స్తాన్
ఏప్రిల్, ఆదివారం

నా ఫోన్ ఎత్తనని ఒట్టు పెట్టుకున్న సుచిత్ర వదినకు, ఎత్తేదాక సతాయించే ఆడబిడ్డ అండాలు రాసేది.

నువ్ చెప్పినట్టే పెన్నుతోని రాస్తున్న. రాసి, ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతా. పదో తరగతి తప్పినంక గింత పొడుగు రాసుడు ఇదే మొదలు, వేళ్లు గుంజుతున్నయ్. "ట్రాఫిక్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం, మీ స్కూటీ మీద చలాన్లు ఉన్నయ్" అని గొంతు మార్చి ఫోన్ చేసుడు నాదే తప్పు, ఒప్పుకుంటా. కానీ ఏడాదిన్నర సంది కవరు కింద పండుకున్న బండికి చలాను ఎట్ల పడుతదని నువ్ జర ఆలోచించాలె గద. ఆలోచించకుంట బీపీ గోళీ మింగితే నేనేం జెయ్యాలె. దానికే "నీ గొంతు ఇన, నీ నోటిని నమ్మ, చెప్పేదుంటే చేతితోని రాసి పంపు" అంటివి. రాస్తున్న చూడు మరి.

ఈడ పని మంచిగనే ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ల మన కర్రీ పాయింటుకొచ్చి రోజు పప్పుచారు కట్టించుకపోయేటోడు రవితేజ, యాదికున్నడా, వాడే ఈడ డాక్టరీ చదివే మన పిల్లలకు మెస్సు పెట్టిండు. ఒక్క ఏడాది ఒచ్చి వంట నిలబెట్టక్కా అని బతిమిలాడితే ఒచ్చిన. పిల్లలు ఉప్మా చూసి ఏడుస్తరు, పచ్చిపులుసు చూసి కూడ ఏడుస్తరు, రెండు ఏడుపులు వేరే. కూరగాయలు కోయనీకె బురుల్ అని ఈ దేశపామె ఉన్నది, నా ఈడుదే. దాని భాష నాకు రాదు, నా భాష దానికి రాదు. అయినా ఇద్దరం కల్సి రవితేజ మీద నవ్వుకోనీకె ఏ తక్లీఫ్ లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్న, కూసోని చదువు. నిన్న నేను గుర్రం ఎక్కిన. తెల్ల గుర్రం, పాల లెక్క. ఎంత ఎత్తంటే నా తలకాయ దాని మెడ దాక గూడ అందలే. ఆకుపచ్చ పోచంపల్లి చీర కట్టుకొని, కొంగు నడుముకు దోపి, ఒక్క దుంకు దుంకి కూసున్న. కొరడా తిప్పితే గాలి లెక్క ఉరికింది. రోడ్డుకు రెండు దిక్కుల జనం చప్పట్లు. పోలీసాయన సలాం కొట్టిండు. దిగేటప్పుడు గుర్రమే ముందరి కాళ్లు వంచింది. ఇది మీ అపార్టుమెంటుల అందరికి చదివి వినిపియ్యి. మా అన్నకైతే రెండుసార్లు.

నీ స్కూటీ కవరు మీద పిల్లి ఇంకా పండుకుంటుందా, లేకపోతే బండి దాని పేరు మీదికి మార్చినవా.

గుర్రాల రాణి
అండాలు

*

ఎల్బీ నగర్, హైదరాబాద్
ఏప్రిల్ ఆఖరు

గుర్రాల రాణి అండాలమ్మకు, పిల్లి కింద బండి ఓనరు సుచిత్ర దండం పెట్టి రాసేది.

చదివిన. శ్రీకళకు గూడ చదివి వినిపిచ్చిన. నా బిడ్డ అంటుంది, అత్త రాసింది గుర్రం కాదమ్మా, బరాత్ గుర్రం అని. కొత్తపేట ఫంక్షన్ హాల్ల మన సంతోషి పెండ్లికి ఒచ్చిందే, తెల్లది, ఎత్తుది, పెండ్లికొడుకు దిగేటప్పుడు కాళ్లు వంచేది. ఆ గుర్రం కాడికి పోయి పిలగానికి దండ ఇయ్యమంటే నువ్ బ్యాండోళ్ల పెద్ద డోలు ఎనక దాక్కున్నవ్. నేను చూసిన. డోలు కొట్టేటాయన గూడ చూసిండు.

ఇంకోటి. ఆ దేశపు సొంత జాతి గుర్రాలు పొట్టిగుంటయంట గదనే. శ్రీకళ ఫోన్ల చూసి చెప్పింది. పొట్టి కాళ్లు, మందం మెడ, ఒంటి నిండ బొచ్చు, గుట్టలు ఎక్కనీకె పుట్టినయంట. నీ తలకాయ దాని మెడ దాక అందలే అంటే, నువ్ గుంటల దిగి నిలబడ్డవా?

పన్ను డాక్టరు ఇంకా సూది బయటికి తియ్యకముందే కుర్చీల కూసోని కాళ్లతోని ఆయన బల్ల తన్ని పడగొట్టిన దానివి నువ్. గంత భయపడే మనిషి గుర్రం ఎక్కిందంటే నేను నమ్మాల్నా.

మీ ఆయన బాలరాజన్న ఒక్కడే కర్రీ పాయింటు నడిపిస్తుండు. పప్పుల ఉప్పు ఉండది, సాంబార్ల పప్పు ఉండది. మొన్న ఎవరో అడిగితే "మా ఆమె ఊళ్లె లేదు" అన్నడంట. ఊళ్లె లేకుంటే ఉప్పు గూడ ఉండదా అనుకుంట పోయిండంట ఆయన.

ఇగ నా బండి ముచ్చట. మీ అన్న అమ్ముతా అంటుండు. తుర్కయంజాల్ నుంచి అంతయ్య అని ఒకాయన ఒచ్చి కవరు లేపి చూసిపోయిండు. బోనాలు అయినంక తీస్కపోతా అన్నడు. నేను పోనీ అన్న. వానల ఆ అండర్‌పాస్ కాడ జారి పడి చెయ్యి విరిగిన సంది దాన్ని ముట్టింది లేదు. దిల్‌సుఖ్‌నగర్ల షాపుల చుట్టు తిరిగి ఫాల్స్ కుట్టనీకె చీరలు తెచ్చుకునేది, మళ్ల ఇచ్చొచ్చేది, అదంత అయిపోయిన ముచ్చట. ఇంటికొచ్చినయ్ కుడుతున్న. రానివి వేరేటోళ్ల కాడికి పోయినయ్.

నువ్ మాత్రం రాస్తుండు. అబద్ధమైనా పొద్దు పోతది.

సుచిత్ర

*

బిష్కెక్
మే, సోమవారం, పిల్లలు తిని పోయినంక

వదినా,

బండి అమ్ముతరా. ఎవరిని అడిగి అమ్ముతరు. అది నీ ఒక్కదాని బండా.

ఎనక సీటు మీద చీరల మూట ఒళ్లె పెట్టుకొని ఎన్ని ఏండ్లు కూసున్న నేను. సిగ్నల్ కాడ ఆగినప్పుడల్ల పక్క బండాయనకు "అన్నా, మీ టైరుల గాలి పోతుంది" అని నేను చెప్పుడు, ఆయన దిగి చూసుకునేటాలకు పచ్చ లైటు పడుడు, నువ్ తిట్టుకుంటనే నవ్వుకుంటనే హారను కొట్టుడు. రైతుబజార్ కాడ నువ్ బ్రేకు ఏసినవని నేను టమాటల తట్టల కూసున్న రోజు యాదికి లేదా. ఆ బండి మీద నీకెంత హక్కున్నదో నా పిర్రలకు గూడ గంతే ఉన్నది.

సరే, గుర్రం అబద్ధమే. దొరికిన. డోలు ముచ్చట నువ్ చూడలేదనుకున్న ఇన్నేండ్లు.

కానీ ఇప్పుడు దాన్ని నిజం చేస్తా. బురుల్ తమ్మునికి సూసమీర్ అనే కాడ, కొండల నడుమ పచ్చికల, గుర్రాలున్నయ్. ఎండకాలం అంత ఆడనే డేరాలు ఏసుకొని ఉంటరంట. జూలైల పరీక్షలు అయిపోయి పిల్లలు ఇండియాకు పోతరు, మెస్సు బందు. బురుల్ రమ్మంటుంది. చేతులు ఊపి, గుర్రం లెక్క సకిలించి మరీ పిలిచింది. రవితేజ వంటింట్ల ఎవరికో పానం బాగలేదని ఉరికొచ్చిండు.

పందెం ఏద్దాం. నేను ఎక్కితే నువ్ కవరు తీస్తవ్. తీసి, ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక నువ్వే నడుపుకుంట పోతవ్, మా కర్రీ పాయింటు ముందట ఆపుతవ్. నేను ఎక్కకపోతే అంతయ్యకు బండి ఇచ్చెయ్, నేను ఎదురు మాట్లాడ. ఇంకా కావాలంటే ఏడాది దాక ఎవ్వరిని ఏడిపియ్య. ఇది నాకు ఎంత పెద్ద శిక్షనో నీకెరుకే.

ఒప్పుకుంటవా, లేకుంటే పిల్లిని అడిగి చెప్తవా.

అండాలు

*

ఎల్బీ నగర్
మే నడుమ

అండాలూ,

నీ ఉత్తరం చదివి మొదలు నవ్విన. తర్వాత వంటింట్లకు పోయి తలుపు దగ్గరకేసుకున్న. నీకొక మాట రాస్తున్న, ఈ ఫోటో చూసినంక తీసెయ్.

చెయ్యి బాగైంది. డాక్టరు ఎప్పుడో చెప్పిండు, బండి నడపొచ్చమ్మా అని. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. మీ అన్న అడిగితే ఇంకా గుంజుతుంది అంటున్న. గుంజేది చెయ్యి కాదు. ఎనక నుంచి లారీ హారను ఇనబడితే నాకు ఆ రోజు రోడ్డు మీద నీళ్లల్ల నా చెప్పు కొట్టుకపోవుడే కండ్ల ముందట కనబడుతది. గింత చిన్న దానికి గింత పెద్ద మనిషి భయపడుడేందని సిగ్గయి చెప్పుకోలే. నువ్ గూడ నవ్వుతవనుకున్న. నవ్వితే నవ్వు.

రోజు బాల్కనీల నిలబడి కవరు చూస్తా. అంతయ్య తీస్కపోతే పీడ పోతదనిపిస్తది. ఒక్కోసారి ఆయన పొయ్యే దారిల ఆయన చెప్పు గూడ కొట్టుకపోతే బాగుండు అనిపిస్తది. మంచాయన పాపం.

పందెం ఒప్పుకుంటున్న. ఎందుకంటే నువ్ ఎక్కవ్. నాకు భయం లేదు.

కానీ నేను నమ్మాలె. ఫోటో పంపకు, వీడియో పంపకు. మొన్న శ్రీకళ తన ఫోన్ల నన్ను ఏనుగు మీద కూసోబెట్టి చూపిచ్చింది, చేతిల కత్తి గూడ ఉన్నది. కాబట్టి రాయి. నువ్ నిజంగ ఎక్కితే నీ రాతల నాకు తెలుస్తది. ఎట్ల తెలుస్తదో మాత్రం చెప్ప. చెప్తే దాన్ని గూడ కల్పించి రాసే దానివి నువ్.

మీ వదిన

*

సూసమీర్, కొండల నడుమ
జూలై మొదటి వారం

వదినా,

ఎక్కలే.

ఒచ్చి రెండు దినాలైంది. బురుల్ తమ్ముడు గుర్రం తెచ్చి ముందట పెట్టిండు. నువ్ చెప్పినట్టు పొట్టిదే. అయినా నేను పోయి దాని పక్కన నిలబడంగనే అది తోక కొట్టింది, నేను ఇటు దిక్కు ఉరికొచ్చిన. కడుపు నొస్తుందని పొట్ట పట్టుకొని సైగ చేసిన. వాళ్లు నిజమనుకొని ఏదో ఆకు కషాయం తాపిచ్చిండ్రు. ఇప్పుడు నిజంగనే నొస్తుంది.

ఈడ నాలుగేండ్ల ఆడపిల్ల గుర్రం మీద కూసోని రొట్టె తింటుంది. నన్ను చూసి సగం విరిచి నాకిచ్చింది, పైనుంచి. తీసుకున్న.

నీ ఉత్తరానికి నవ్వలే. రాయాలనుకున్న, అప్పుడు రాయలే, ఇప్పుడు రాస్తున్న. గుట్ట ఎక్కితే సిగ్నల్ ఒస్తదంటే దీన్ని పంపనీకె ఎక్కుతున్న. నడిచే.

అండాలు

*

ఎల్బీ నగర్
శుక్రవారం

అండాలూ,

నువ్ అబద్ధం రాయకపోతే నాకు భయమైంది. మంచిగున్నవా.

బాధపడకు. నువ్ దాని పక్క దాకనన్న పోయినవ్. నేను ఏడాదిన్నరల పార్కింగుల ఆ మూలకు గూడ పోలే.

మన కాడ ఈ ఆదివారం బోనాలు. సోమవారం పొద్దుగాల అంతయ్య ఒస్తుండు. అమ్మనీకె మంచిగుండాలని మీ అన్న నిన్న మెకానిక్‌ను పిలిచి బ్యాటరీ మార్పిచ్చిండు, గాలి కొట్టిచ్చిండు, కడిగిచ్చిండు. కింద స్టార్టు చేసి చూసిండ్రు. ఆ చప్పుడు పైకి ఇనొచ్చింది. నేను పల్లీలు ఏయించుకుంట ఉన్న, మాడిపోయినయ్.

పానం జాగ్రత్త. ఎక్కకపోతే మాయె. రా, ఇద్దరం ఆటోల తిరుగుదాం.

సుచిత్ర

*

సూసమీర్
శనివారం

వదినా,

ఎక్కిన.

జనం లేరు, చప్పట్లు లేవు, పోలీసాయన లేడు. గుర్రం తెల్లగ లేదు, ఇటుక రంగు, కడుపు కింద గొంగడి లెక్క బూరు. నా భుజమంత ఎత్తు. మొఖం చూస్తే అచ్చం మా అన్నే. పిలిస్తే పలకదు, ముందట పెడితే తింటది, తిన్నంక కండ్లు మూసుకుంటది. అందుకే మా అన్న పేరే పెట్టిన, శ్రీధర్ అని. బురుల్‌కు గూడ నేర్పిన. అది "స్రిదర్, స్రిదర్" అనుకుంట గడ్డి పట్టుకొని ఎనక తిరుగుతుంటే గడ్డి మీద పడి దొర్లి నవ్విన. సగం భయం ఆ నవ్వుల పోయింది. మిగిలిన సగం అట్లనే ఉన్నది, అబద్ధమెందుకు.

నీ ఉత్తరంల మాడిన పల్లీలు చదివి, ఎంటనే బురుల్ కాడికి పోయి, ఒక చేతి మీద ఇంకో చేతి రెండు వేళ్లు ఎక్కిచ్చి చూపించిన. అది పోయి శ్రీధర్‌ను పట్టుకొచ్చింది.

చీర లేదు. బురుల్ మొగుని ప్యాంటు తొడిగి, జారకుంట నా చున్నీతోని కట్టుకున్న. ఎడమ దిక్కు నిలబడి, జీను పక్కన ఏలాడే రికాబుల పాదం పెట్టి లెవ్వమన్నరు. పాదం పెట్టిన, లెవ్వలే. బురుల్ ఎనక నుంచి బియ్యం బస్తాను లారీల ఏసినట్టు ఏసింది. నేను ఇటు నుంచి పోయి అటు దిక్కు దిగిన, తలకాయ ముందుగాల. శ్రీధర్ మెడ తిప్పి చూసిండు. మళ్ల ఏసింది, ఈసారి నిలిచిన. జీను మీద మందం బొంత పరిచిండ్రు కాబట్టి కూసునుడు మంచిగనే ఉన్నది. కింద చూసుడే మంచిగ లేదు.

బురుల్ తమ్ముడు తాడు పట్టుకొని కొంచెం దూరం నడిపిచ్చిండు. తర్వాత నవ్వి తాడు ఇడిసిపెట్టిండు.

ఇగ చెప్పేది నీ కడుపుల పెట్టుకో, మా అన్నకు చెప్పకు. నా కాళ్లు నా మాట ఇనలే. చిన్నప్పుడు పోచంపల్లిల మా ఇంట్ల మగ్గం గుంటల కూసోని కాళ్ల కింది పలకలు తొక్కుతుంటి చూడు, ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. అట్ల మొదలైనయ్. ఎందుకో ఏందో నాకెరుక లేదు. ఆపుదామంటే ఆగయ్. మడమలు పోయి శ్రీధర్ కడుపుకు తగులుతున్నయ్. పొమ్మంటుందనుకున్నడు వాడు. పోయిండు.

కాళ్లు తొక్కుతుంటే చెయ్యి ఊకుంటదా. పోగు తీస్కపోయే నాడె తాడు గుంజినట్టు కుడి చేత్తోని కళ్లెం గుంజుతున్న. గుంజినప్పుడల్ల వాడు కుడికి తిరుగుతుండు. అట్ల తిరిగి తిరిగి డేరా చుట్టు పడ్డం. ఉన్నితోని కట్టిన గుండ్రటి డేరా, ముందట బురుల్ అత్త కూసోని గుర్రం పాలు చిలుకుతుంది. మొదటి చుట్టుకు నన్ను చూసి నవ్వింది. ఇంకో చుట్టుకు చెయ్యి ఊపింది. తర్వాతి చుట్టుకు ఇంట్లోళ్లందరిని బయటికి పిలిచింది. మా దేశంల గిట్ల ప్రదక్షిణలు చేసే మొక్కు ఉంటదనుకున్నరేమో, వాళ్లు గూడ చేతులు జోడిచ్చి నిలబడ్డరు. నాకు ఏడుపొస్తుంది, కానీ అంతమంది చేతులు జోడిస్తే ఎట్ల ఏడుస్తం.

వదినా, అప్పుడు ఒకటైంది. ఈ జాతి గుర్రాలల్ల కొన్నిటికి ఒక నడక ఉంటది. ఎడమ దిక్కు రెండు కాళ్లు ఒక్కపారి ఏస్తయ్, కుడి దిక్కు రెండు కాళ్లు ఒక్కపారి. ఎగరేసుడు ఉండదు, ఊపుడే. ఎడమ, కుడి. ఎడమ, కుడి. అది మగ్గమే. వాడు ఎడమ ఏసినప్పుడు నా ఎడమ పాదం దిగింది, కుడి ఏసినప్పుడు కుడి. ఎప్పుడు కల్సినయో తెల్వదు. నడుము దానంతటదే మెత్తబడింది. మా అమ్మ మల్లమ్మ ఎనక నిలబడి "కాళ్లతోని కొట్లాడకే, మగ్గంతోని నడువు" అని నెత్తి మీద మొట్టేది. ఆ మొట్టికాయ ఇన్నేండ్లకు తగిలింది.

అంటే నేను తొక్కితే వాడు పోతుండు. మరి తొక్కకపోతే. చూద్దామని కాళ్లను ఆపిన. ఆగినయ్. వదినా, నా కాళ్లు ఆగినయ్. శ్రీధర్ గూడ ఆగి, ఏం కానట్టు గడ్డి పీకబట్టిండు.

బురుల్ తమ్ముడు దింపనీకె ఉరికొచ్చిండు. వద్దని చెయ్యి అడ్డం పెట్టిన. కళ్లెం వదులు చేసి, డేరా దిక్కు కాకుంట గుట్ట దిక్కు మొఖం తిప్పి, ఈసారి భయంతోని కాదు, కావాలని తొక్కిన. ఎడమ. కుడి. శ్రీధర్ చెవులు ముందుకు పెట్టిండు. మా అన్న గట్ల చెవులు పెట్టంగ నేను ఎన్నడు చూడలే. గుట్ట ఎక్కుతుంటే చలిగాలి మొఖానికి కొట్టింది, కండ్ల నీళ్లొచ్చినయ్, ఆ నీళ్లు గాలివే.

గుట్ట మీద ఆగినం. కింద ఏరు దారం లెక్క ఉన్నది. అవుతల కొండల మీద మంచు. మన పోచంపల్లి చీరల రంగు అంచు కాడ జర చెదురుతది గద, అట్ల ఆ పచ్చదనమంత పోయి ఆకాశంలకు చెదిరింది. ఏదన్న అరవాలనిపిచ్చింది. ఏం అరవాల్నో తోచక, నోటికి అలవాటైందే అరిచిన. "టమాట పప్పు, దొండకాయ ఫ్రై, వేడి వేడి సాంబార్." అవుతలి కొండ సాంబార్ అని మళ్ల పలికింది. ఆ కొండలు పుట్టిన కాడి నుంచి గా మాట ఇని ఉండవు.

దిగినంక తొడలు నావి కావు. బాతు లెక్క నడుస్తున్న. పులిసిన గుర్రం పాలు తాపిచ్చిండ్రు, మీ ఫ్రిజ్జుల మర్చిపోయిన మజ్జిగ లెక్క ఉన్నయ్, రెండు గిన్నెలు తాగిన.

నమ్ముతవో నమ్మవో నీ దయ. ఫోటో తియ్యలే, నువ్ వద్దన్నవని. పందెం గెలిచిన్నని నాకెరుక, శ్రీధర్‌కెరుక. ఇంటి కాడున్న శ్రీధర్‌కు నువ్ చెప్పు.

సోమవారం పొద్దుగాల ఈ గుట్ట మీదనే కూసోని ఫోన్ చూస్తుంట.

అండాలు

*

ఎల్బీ నగర్
సోమవారం

అండాలూ,

బండి పోయింది.

పొద్దుగాలనే అంతయ్య ఒచ్చిండు. మీ అన్న తాళంచెవి పట్టుకొని కిందికి దిగిండు, నేను గూడ దిగిన. గేటు దాటి పోయింది. ఇప్పుడు పార్కింగుల కవరు ఒక్కటే ఉన్నది, పిల్లి దాన్ని వాసన చూస్తుంది.

ఇంతకంటె రాయనీకె ఏం లేదు. కింద ఇంకో ఫోటో ఉంటది, అది పొరపాటున పోయింది, తెరవకు.

సుచిత్ర

*

తెరిచినవ్. నాకెరుకే.

బండి పోయిందంటి గద, ఏడికి పోయిందో అడగవా. దిల్‌సుఖ్‌నగర్‌కు పోయింది. దాని మీద నేనున్న.

ముందుగాల, నిన్నెందుకు నమ్మిన్నో చెప్తా. ఇన్నేండ్ల సంది చూస్తున్న, భయమైతే నీ కాళ్లు మగ్గం తొక్కుతయ్. నీకు తెల్వదు. పన్ను డాక్టరు బల్ల నువ్ తన్నలే పిచ్చిదానా, కుర్చీల కూసోని నేసినవ్. డోలు ఎనక దాక్కున్నప్పుడు నీ మొఖం కనబడలే, కింద రెండు కాళ్లు కనబడ్డయ్, ఎడమ, కుడి. పాల లెక్క తెల్ల గుర్రమని రాసిన ఉత్తరంల నీ కాళ్లే లేవు. మొన్నటి దాంట్ల కాళ్లు తప్ప ఇంకేం లేదు. "ఎందుకో ఏందో నాకెరుక లేదు" అని నువ్ రాసిన కాడ ఆగి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్న. ఇది నిజంగ ఎక్కింది, ఇప్పుడు నేను ఎక్కాలె అనుకున్న. బోనం ఎత్తుకొని నడుస్తుంటే గూడ అదే ఆలోచన.

పొద్దుగాల మీ అన్న అంతయ్య చేతిల తాళంచెవి పెడుతుంటే నడుమల నేను గుంజుకున్న. "ఒక్క చుట్టు నడిపి చూపిస్తా అన్నా, ఇంజను బాగున్నదో లేదో ఇను" అన్న. మీ అన్న నోరు తెరిచిండు. అంతయ్య మర్యాదస్తుడు, సరే అమ్మా అన్నడు. హెల్మెట్ పెట్టుకున్న, మూతికి మాస్కు కట్టుకున్న. గేటు దాటిన. చుట్టు తిరగలే. సీదా పోయిన.

అండర్‌పాస్ కాడ ఎనక లారీ ఒచ్చింది. హారను కొట్టింది. అద్దంల చూడనీకె భయం. అప్పుడు కింద ఏదో కదులుతుందని చూస్తే నా పాదాలు. స్కూటీకి కాళ్లతోని పనే లేదు గద, ఊకనే పెట్టుకునేటియి. కానీ నేను గూడ నేతింటి బిడ్డనే. ఎడమ, కుడి, ఎడమ, కుడి, రబ్బరు షీటు మీద తొక్కుతున్నయ్. నవ్వొచ్చింది. నవ్వుకుంట జర పక్కకు జరిగి లారీకి దారి ఇచ్చిన. అది పోయింది. నేను గూడ పోయిన.

ఫాల్స్ కుట్టనీకె చీరలిచ్చే విజయశ్రీ షాపు ముందట ఆగితే ఆమె కౌంటరు దుంకి ఒచ్చినంత పని చేసింది. చీరల మూట తెచ్చి కాళ్ల కాడ పెట్టింది, రేపు ఇంకోటి అన్నది. అక్కడి నుంచి పందెం ప్రకారం మీ కర్రీ పాయింటు. హెల్మెట్ తియ్యలే. గొంతు లావు చేసి, "ఎవరయ్యా ఓనరు, పప్పుల ఉప్పు లేదని కంప్లైంటు ఒచ్చింది, గరిటె చూపియ్యి" అన్న. బాలరాజన్న రెండు చేతులు కట్టుకొని నిలబడ్డడు. "మా ఆమె కొండల గుర్రాలు నడుపనీకె పోయింది మేడమ్, ఆమె ఒస్తే అన్నీ మంచిగైతయ్" అన్నడు. వండనీకె పోయిందని చెప్పలే చూడు. హెల్మెట్ అద్దం ఎనక నా కండ్లు జర తడిసినయ్, అది నీకు కొండ గాలి తగిలినట్టే అనుకో. దొండకాయ ఫ్రై కట్టిచ్చుకొని, ఈసారికి ఇడిసిపెడుతున్న అని చెప్పి ఒచ్చిన. బాలరాజన్నకు చెప్పకు, నువ్ ఒచ్చినంక ఇద్దరం కల్సి మళ్ల పోదాం తనిఖీకి. ఎనక సీటు తుడిచి పెట్టిన.

మళ్ల విజయశ్రీ షాపు ముందట బండి ఆపి, పైన ఎల్బీ నగర్ అని ఉత్తదే పెట్టి ఇది రాయబోతుంటే మీ అన్న ఫోన్ చేసిండు. అంతయ్య ఇంకా గేటు కాడనే నిలబడ్డడంట, చాయ్ గూడ తాగిండంట, ఆయనకేం చెప్పాలె అని అడుగుతుండు.

గొంతు మార్చిన.

"ట్రాఫిక్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం," అన్న, "మీ బండి అమ్మకానికి లేదు."